నీటిగుంటకు వచ్చిన ఏనుగు

ఆఫ్రికా సఫారీలో నీటిగుంటల దగ్గర కనిపించే జంతువులన్నీ మరబొమ్మలేనని జువాలజీ లెక్చరర్ సుభాషిణికి తెలుసు. ఈ రోజుల్లో ఎక్కడైనా అంతే. అయినా జీపు ముందు సీట్లో కూర్చుని, నిగనిగలాడే మరఏనుగులను సంబరంగా ఫొటోలు తీస్తోంది.

ఇంతలో పొదల్లోంచి మరో ఏనుగు వచ్చింది. దాని డొక్కలు ఎండిపోయాయి. కళ్లచుట్టూ ఈగలు ముసురుతున్నాయి.

“ఇది పాత బొమ్మా, టోబియాస్?” అని అడిగింది.

జీపు నడిపే గైడు టోబియాస్ బిగుసుకుపోయాడు. ఆమె చెవిలోని అనువాద యంత్రం అతని మాటలను తెలుగులో వినిపించింది.

“బొమ్మ కాదు మేడమ్, ప్రాణమున్న ఏనుగు! పదకొండేళ్లుగా నాకు ఒక్కటీ కనపడలేదు.”

ఏనుగు నీళ్లలోకి తొండం చాచింది.

“అయ్యో, తాగితే చచ్చిపోతుంది! బొమ్మలు తుప్పు పట్టకుండా ఆ నీళ్లలో మందు కలిపాం!”

సుభాషిణి కెమెరా వదిలేసి, పక్కకు వంగి రెండు చేతులతో హారన్ నొక్కింది. ఏనుగు బెదిరిపోయి పొదల్లోకి పరుగెత్తింది. మరఏనుగులు మాత్రం నీళ్లు చిమ్ముకుంటూనే ఉన్నాయి.

“హమ్మయ్య!” అంది ఆమె. “ఇంకో గుంటకు వెళ్లి తాగుతుందిలే.”

టోబియాస్ ఆమెవైపు చూడలేకపోయాడు.

“అన్ని గుంటల్లోనూ అదే మందు మేడమ్.”