వియ్యపురాలి మెచ్చుకోలు

"అబ్బబ్బ! నా బంగారుతల్లి ఎంత అందంగా ఉందో! ఈ కళ్లు చూడండి, ఈ నవ్వు చూడండి!"

హాల్లో మార్త మనవరాలికి జడ వేస్తూ మురిసిపోతోంది. వంటింట్లో కందిపప్పు కడుగుతున్న పార్వతమ్మ ఆ మాట విని గిన్నె పక్కన పెట్టేసింది. తడిచేతులతోనే బయటికి వచ్చింది.

"వదినా, బిడ్డను అట్ల నోరారా పొగడొద్దు. దిష్టి తగులుతాది."

మార్త నవ్వేసింది. "మాకు దిష్టీ గిష్టీ ఏం లేవు వదినగారూ. దేవుడిచ్చిన బిడ్డను మెచ్చుకుంటే ఆయన్ని మెచ్చుకున్నట్టే. ఆయనే చూసుకుంటాడు."

"మీకు లేకుంటే లేదు. మాకు ఉండాది," అని విసురుగా లోపలికి పోయింది పార్వతమ్మ.

కబ్బన్‌పేటలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆమె. కొడుకు చేతన్ పసివాడుగా ఉన్నప్పుడు "ఎంత ముద్దుగా ఉండాడో నా బిడ్డ" అని ఒక్కసారి నోరు జారింది. ఆ వారమే వాడు జ్వరంతో ఆసుపత్రి పాలయ్యాడు. ఇక అప్పటినుంచి కొడుకునైనా మనవరాలినైనా "కోతీ" అనో "గూబమొహమా" అనో పిలవడమే తప్ప మెచ్చుకున్న పాపాన పోలేదు.

చేతన్ ఒంగోలు క్రైస్తవుల అమ్మాయిని ప్రేమించి పెళ్లాడినప్పుడు కూడా పార్వతమ్మ ఇంత బాధపడలేదు. ఇప్పుడు పడుతోంది. మహదేవపురలోని ఈ ఫ్లాట్‌లోకి వియ్యపురాలు పెట్టెతో దిగి వారమే అయింది. ఆ వారంలోనే ఏడేళ్ల వర్షిణి అవతలి పక్షానికి ఫిరాయించింది.

"అమ్మమ్మ గారెలు సూపర్! అమ్మమ్మ పాట సూపర్!" పొద్దస్తమానం ఇదే జపం. పార్వతమ్మ పంతానికి పోయి ఒబ్బట్లు చేస్తే, "ఛీ, ఏం బాలేదు" అంటూ మూడు తింది. ఆకలికి తిన్నదిలే అనుకుని పార్వతమ్మ పళ్లు కొరుక్కుంది.

అంతటితో ఊరుకోలేదు. మార్త ఊరినుంచి తెచ్చిన గోంగూర పచ్చడి సీసాను ఎవరికీ కనబడకుండా అటక ఎక్కించింది. కొడుకును మూలకు పిలిచింది.

"ఆమె టికెట్టు ఎప్పటికప్పా?"

"నిన్నగాక మొన్న వచ్చింది కదమ్మా! ఎందుకు?"

"సుమ్నే, ఊరికే అడిగినాను."

ఇంతలో వర్షిణి బడిలో అవ్వాతాతల పండుగ వచ్చిపడింది. పిల్లలు తమ ఇంటి పెద్దవాళ్లను వేదిక ఎక్కించి, వాళ్ల గురించి ఇంటి భాషలో నాలుగు మాటలు చెప్పాలట. పార్వతమ్మ ఆశంతా దాని మీదే పెట్టుకుంది. నీళ్లు పోసింది తను, చంకన వేసుకుని మోసింది తను. పదిమందిలో ఒక్క మంచి మాట అంటే చాలు, ఈ వారం దిగమింగిందంతా మరిచిపోతుంది. అనకపోతే ఈ ఇంట్లో ఇక తనకేం పని? కబ్బన్‌పేటలో తమ్ముడి ఇల్లు ఉండనే ఉంది.

ముందురోజు సాయంత్రం మార్త గది తలుపు దగ్గరగా వేసి పిల్లకు మాటలు నేర్పింది. "నేను చెప్పినట్టే చెప్పాలి, సరేనా తల్లీ?" అన్నది మాత్రం పార్వతమ్మ చెవిన పడింది. అంతా ఆమె గొప్పలే అయ్యుంటాయనుకుంది.

అయినా బడికి మంచి పట్టుచీర కట్టుకుని వెళ్లింది. వేదిక మీద వర్షిణి ఇద్దరి నడుమ నిలబడి మైకు అందుకుంది.

"ఈమె మా అమ్మమ్మ మార్త. చాలా అందంగా ఉంటుంది. చాలా బాగా పాడుతుంది. ప్రపంచంలోనే బెస్ట్ అమ్మమ్మ!"

చప్పట్లు మోగాయి. పిల్ల ఇటు తిరిగింది. పార్వతమ్మ కొంగు సర్దుకుంది.

"ఈమె మా అవ్వ పార్వతమ్మ. ముక్కు బజ్జీలా ఉంటుంది. వంట అస్సలు బాగుండదు. గురక పెడుతుంది. ఈ చీర కూడా ఏం బాలేదు."

హాలంతా గొల్లున నవ్వింది. పార్వతమ్మ మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. మార్త పిల్లను వెంటబెట్టుకుని వరండాలోకి వెనకే వచ్చింది.

"ప్రభువు తోడు వదినగారూ, నేను నేర్పింది ఇది కాదు! మా అవ్వే నన్ను పెంచింది, మా అవ్వ చేతి వంట అమృతం అని చెప్పమన్నాను. దీనికేం పుట్టిందో!"

"చాల్లే వదినా. మీరు గెలిచినారు. రేపు నేను కబ్బన్‌పేటకు పోతా ఉండాను."

మార్త మంచినీళ్లు తెస్తానంటూ అటు వెళ్లింది. పార్వతమ్మ మనవరాలి ముందు చతికిలబడింది. కన్నీళ్లు ఆగలేదు.

"ఏమే, నీకు నేనేం తక్కువ చేసినానే? ఆమెను అంత పొగిడి, అంతమంది ముందర నన్ను అట్ల అంటావా?"

వర్షిణి బిక్కమొహం వేసింది. ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, అవ్వ మెడను గట్టిగా వాటేసుకుని చెవిలో గుసగుసలాడింది.

"అమ్మమ్మకైతే దిష్టి లేదు, నీకు తగులుతుంది కదవ్వా!"