తలుపు అడిగిన మాట

ఓడల్లో కేబిన్ తలుపులు లోపలివాళ్ల గుండెచప్పుడు వింటూ కాపలా కాసే రోజులవి. విశాఖలో ఓడెక్కిన మూడో రోజు మధ్యాహ్నం, భర్త కామేశ్వర్రావు అడుగుల చప్పుడు వినగానే సత్యవేణి ఎప్పటిలాగే సీరియల్ ఆపేసి, మంచం మీంచి లేచి పైట సర్దుకుంది. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

"బయట మనిషి రాగానే మీ గుండె వేగం పెరిగిందమ్మా. మీరు చెబితేనే తెరుస్తాను," అంది తలుపు.

"అయ్యో, ఆయన మా ఆయనే! ఇది భయం కాదమ్మా, అలవాటు."

"ఏమే, చెవుడొచ్చిందా? తియ్యి!" బయటినుంచి అరిచాడు కామేశ్వర్రావు.

"మళ్ళీ పెరిగింది. తెరవమంటారా?"

సత్యవేణి గుండె మీద చెయ్యి వేసి చూసుకుంది. ముప్పై ఏళ్లుగా దీన్ని గౌరవమనే అనుకుంది.

"కాస్త ఆగమని చెప్పమ్మా," అని మంచం మీద కూర్చుని, ఏమీ తోచక సీరియల్ మళ్ళీ పెట్టుకుంది.