ఎగుమతికి ఒక పచ్చరాయి

“ఎగుమతికా?” అని ఒడెరో మళ్ళీ అడిగాడు.

“కాగితంలో అదే రాశాను కదా సారూ,” అంది వాకియో.

ఒడెరో రత్నాలకు విలువ కట్టే ప్రభుత్వాధికారి. అతను కట్టిన విలువను బట్టే పన్ను. ఆ పన్ను కట్టి రసీదు చూపిస్తే గానీ రాయి కెన్యా పొలిమేర దాటడానికి అనుమతి రాదు. అతని గదిలోకి మామూలుగా వచ్చేది పెద్ద వ్యాపారులే. కసిగావు కొండ కింద రాళ్ళ కోసం గుంట తవ్వుకునే ఆడమనిషి ఎర్రమట్టి పట్టిన చెప్పులతో వచ్చి ఎగుమతి అనేసరికి అతనికి వింతగా తోచినట్టుంది.

గోడవార బెంచీ మీద కూర్చున్న కిడెలో అనే వ్యాపారికి మాత్రం నవ్వొచ్చింది. ఆ పట్నంలో రాళ్ళు కొనేవాళ్ళలో అతనిదే పైచేయి. తన సరుకు కాగితాల కోసం వచ్చి కూర్చున్నాడు.

“ఎగుమతంటే సంతలో చపాతీలు అమ్మడం అనుకున్నావా చెల్లీ? పన్నులాఫీసు, బ్యాంకు, నైరోబీ, విమానం... తిరగలేక చస్తావు. రాయికి తొంభై వేలిస్తానన్నాను కదా. తీసుకుని హాయిగా పడుకోక.”

“నిద్ర పట్టాలి కదన్నా,” అంది వాకియో.

నిద్ర లేక ఆమె కళ్ళు నిజంగానే గుంటలు పడ్డాయి. తనూ, ఆడబిడ్డ మ్గోయీ, ఇరుగుపొరుగు ఆడవాళ్ళిద్దరూ కలిసి తవ్వే గుంటలో ఆ పచ్చరాయి దొరికినప్పుడు నలుగురూ సంతోషం పట్టలేక కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. ఆ సంతోషం కిడెలో దుకాణం దాకానే. అతను టార్చి వేసి చూసి, రంగు పేలవంగా ఉందన్నాడు, లోపల పగులుందన్నాడు, తొంభై వేలకు మించి రాదన్నాడు. బజారులో ఇంకెవరిని అడిగినా అదే పగులు, అదే తొంభై వేలు. ఈమె ఒక గుమ్మం దిగి రెండో గుమ్మం ఎక్కేలోపే ఫోన్లు తిరిగేవి.

పోయినేడు ఇలాంటి రాయినే కిడెలో చేతిలో పెట్టి, వచ్చిన డబ్బుతో మొక్కజొన్న పిండి కొనుక్కున్నారు. ఆ తర్వాత కిడెలో ఇంటి ముందు కొత్త పికప్పు బండి వెలిసింది. అయినా ఈసారి అతను నిజమే చెబుతున్నాడేమోనన్న భయం వాకియోని వదల్లేదు. గుంటలో నీరు ఊరుతోంది. వానలు పడేలోగా పంపు కొని తోడకపోతే గోడలు విరిగి పడతాయి. నలుగురి బతుకూ ఆ గుంటే. చివరికి మేకను అమ్మి దరఖాస్తు రుసుము కట్టింది. “పన్ను కట్టడానికి మన దగ్గరేం ఉందని?” అని మ్గోయి పోట్లాడింది. చూద్దాంలే అని బస్సెక్కింది వాకియో.

ఒడెరో రాయిని తూచాడు, దీపం కింద తిప్పాడు. “గీత లాంటిదేదో ఉందమ్మా,” అన్నాడు.

వాకియో ముందుకు వంగింది. “మరోసారి చూడండి సారూ. నాకు తొందరేం లేదు.”

అతను మెత్తటి గుడ్డతో రాయిని గట్టిగా తుడిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు చూశాడు. తల ఎత్తినప్పుడు అతని ముఖం మారింది. అది పగులు కాదనీ, పైన అంటుకున్న రాతిపొర మాత్రమేననీ, లోపల రాయి స్వచ్ఛంగా ఉందనీ చెప్పాడు. విలువ తొమ్మిది లక్షల షిల్లింగులకు తగ్గదన్నాడు.

కిడెలో బెంచీ మీంచి లేచాడు. “సారూ, పేద మనిషి. తొమ్మిది లక్షలకు పన్నెక్కడ తెస్తుంది? దయుంచి రెండు లక్షలని రాయండి.”

“అన్న మాట పట్టించుకోకండి,” అంది వాకియో. “ఉన్నదున్నట్టే రాయండి.”

“అలా రాస్తే పన్నూ పెరుగుతుందమ్మా,” అన్నాడు ఒడెరో.

“పెరగనివ్వండి సారూ.”

ఒడెరో కలం ఆపి ఆమె వైపు చూశాడు. విలువ తగ్గించమని బతిమాలేవాళ్ళే తప్ప ఇలా అన్నవాళ్ళు ఆ గదిలోకి రాలేదు. విలువ పత్రం రాసి, సంతకం చేసి, ముద్ర కొట్టాడు. పన్ను కట్టడం ఆలస్యమైతే ఈ పత్రం వెనక్కి తీసుకుంటారా అని ఆమె అడిగింది. పత్రం ఆమెదేననీ, పన్ను కట్టినప్పుడే ఎగుమతి అనుమతి ఇస్తామనీ, వీలు చూసుకుని రమ్మనీ చెప్పాడు.

వాకియో బయటికి వచ్చింది. వీధిలోని టీకొట్టు బల్ల మీద కూలబడి మ్గోయికి ఫోన్ చేసింది. అవతల మ్గోయి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఇన్నాళ్ళకు మొదటిసారి వాకియోకి ఆకలేసింది. నూనెలో వేయించిన వేడి మందాజీ రొట్టెలు తెప్పించుకుని తింటూంటే, గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టు ఊపిరి హాయిగా ఆడింది.

కిడెలో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అడక్కుండానే ఆమెకు టీ చెప్పాడు. రాయి మంచిదేనని ఒప్పుకున్నాడు. ఆ రోజు టార్చిలో సరిగా కనిపించలేదన్నాడు. ఆమె ముద్ర వేసిన పత్రాన్ని బల్ల మీద విప్పి పరిచింది. అతను అంకె వైపు చూసి, చూపు తిప్పుకుని, ఇక ఉండబట్టలేక అడిగేశాడు.

“అంత పన్ను నీకెవరు కడతారు? ఇంతకీ రాయి కొనే దొర ఎవరు?”

“నువ్వే అన్నా,” అంది వాకియో, పత్రంలోని అంకె మీద వేలు పెట్టి.