ఆడపేరు

వరండాలో బెంచీ మీద కూర్చుని లెక్చరరమ్మ తనలో తను నవ్వుకుంటోంది.

బెంచీకి ఆ చివరనున్న వంటావిడ చూసి చూసి అడిగింది.

"ఏంటమ్మా అంత నవ్వు?"

"కథ లెండి. నలభై ఏళ్ళ కిందటి పత్రికలో దొరికింది."

వంటావిడంటే, అధ్యక్షులవారి ఇంటినుంచి రోజూ పన్నెండున్నరకల్లా కారియర్ తెచ్చే ఆవిడ. ఆయన తినేదాకా బెంచీ మీద కూర్చుని, ఖాళీ గిన్నెలు తీసుకుని వెళ్ళిపోతుంది. పేరెవరికీ తెలీదు. అడగాల్సిన పని ఎవరికీ పడలేదు.

లోపల జరిగేది పాఠ్యపుస్తకాల కమిటీ. అధ్యక్షులవారితో కలిపి ఆరుగురు మగవాళ్ళు, ఈ లెక్చరరమ్మ. 'నీ దస్తూరీ బాగుంటుందమ్మాయ్' అని మొదటిరోజే మినిట్స్ రాసే పని ఆమెకు అంటగట్టారు.

"ఏం కథమ్మా?"

"ఒకావిడ జ్వరంతో పడుకుంటుంది. ఇంట్లో ఎవరికీ ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీదు. మొగుడేమో మహాపండితుడు. ఇల్లంతా గాలించి, ఒళ్ళంతా పిండి చేసుకుని, చివరికి మంచం దగ్గరికొచ్చి 'ఉప్పెక్కడే' అంటాడు. ఆవిడ గోడవైపు తిరిగి నిద్ర నటిస్తుంది. అంతే."

"నవ్వొచ్చిందా?"

"పొట్ట చెక్కలైంది. చివర్లో మాత్రం నవ్వు ఆగిపోయింది."

వంటావిడ బెంచీ మీద కాస్త ఇటు జరిగింది.

"ఎవరు రాశారట?"

"ఏదో ఆడపేరు. ఎంత వెతికినా ఇంకో కథ దొరకలేదు. ఇంత బాగా రాసే మనిషి ఒక్కటి రాసి ఊరుకుంటుందా, చెప్పండి?"

"ఊరుకోబెట్టేవాళ్ళుంటే ఊరుకుంటారమ్మా."

లోపల బల్ల మీద గ్లాసుతో కొట్టిన చప్పుడైంది. అధ్యక్షులవారి భోజనం అయిందన్నమాట. వంటావిడ గబగబా లేచి వెళ్ళింది.

మధ్యాహ్నం లెక్చరరమ్మ ఆ కథ కమిటీకి చదివి వినిపించింది. ఐదుగురు పగలబడి నవ్వారు. అధ్యక్షులవారు నవ్వలేదు. కాగితాలు అందుకుని, చివరి పేజీ వైపు చాలాసేపు చూశారు.

"ఇది వద్దు."

"ఏం సార్?"

"పిల్లల పుస్తకంలో పెళ్ళాం మొగుణ్ణి ఏడిపించడమా?"

"పుస్తకం మొత్తానికి నవ్వు తెప్పించే పాఠం ఒక్కటీ లేదు సార్," అన్నాడు వ్యాకరణం మాస్టారు. మిగతావాళ్ళూ అదే అన్నారు.

అధ్యక్షులవారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే, ఉంచండి. కానీ ఇది ఆడది రాసింది కాదు. ఆ రోజుల్లో ఆడపేర్లు పెట్టుకుని రాసిన మగాళ్ళు బోలెడుమంది. ఆడవాళ్ళు ఏడుపు రాస్తారు. మహా అయితే కోపం రాస్తారు. ఈ హాస్యం మగచెయ్యి."

కాగితాలు లెక్చరరమ్మ ముందుకు తోశారు.

"ఆ పేరు తీసేసి 'అజ్ఞాత రచయిత' అని వెయ్యండి. చివర్లో ఆవిడ లేచి ఉప్పు అందించినట్టు మార్చండి. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి."

ఐదు చేతులు లేచాయి.

లెక్చరరమ్మ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆ ఫైలు మీద సంతకం పెట్టాల్సింది అధ్యక్షులవారే.

కలం ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచెయ్యి ఎత్తింది. ఆ చేత్తోనే 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాసింది.

ఇంటికెళ్ళాక కూర్చుని, కమిటీ లెటర్‌హెడ్ మీద ఆ పాత పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాసింది, ఈ కథ రాసిందెవరో దయచేసి తెలపమని.

జవాబు రాలేదు. పుస్తకం అచ్చుకు వెళ్ళిపోయింది.

మూడు నెలలు గడిచాయి. ఒక సోమవారం అధ్యక్షులవారు రాలేదు. ఆయన భార్య నిద్రలోనే పోయిందట. సంతాప తీర్మానం రాసే పని మళ్ళీ దస్తూరీ బాగున్న మనిషికే వచ్చింది.

'సాహిత్య సేవలో తలమునకలైన భర్తకు నీడలా నిలిచిన ఆదర్శ గృహిణి, అధ్యక్షులవారి ధర్మపత్ని మృతికి' అని రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించి, తనే వాళ్ళింటికి తీసుకెళ్ళింది.

హాల్లో నాలుగు గోడలకీ పుస్తకాల బీరువాలు. అన్నిటికీ తాళాలు. బల్ల మీద ఫోటో.

ఫోటోలో వంటావిడ.

"ఈవిడ..." అని ఆగిపోయింది.

"మా ఆవిడే. నువ్వు చూసే ఉంటావు, కారియర్ తెచ్చేది."

 రెండేళ్ళు లెక్చరరమ్మ ఆవిడతో ఒకే బెంచీ మీద కూర్చుంది. ఒక్కరోజన్నా 'మీరు తిన్నారా' అని అడగలేదు.

"తీర్మానంలో ఆవిడ పేరు రాయలేదు సార్, తెలీక. చెప్తే చేరుస్తాను."

ఆయన కాగితం పై నుంచి కిందికి చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఎందుకమ్మాయ్, ధర్మపత్ని అని ఉందిగా. చాలు."

పది రోజులకు కమిటీ ఆఫీసుకు లెక్చరరమ్మ పేరిట ఒక కవరు వచ్చింది. వణికే చేతిరాత. కొత్త పాఠ్యపుస్తకాల కట్టలు అప్పుడే దించి వెళ్ళారు. వాటి పక్కనే నిలబడి చింపి చదివింది.

'అమ్మా, ఒంట్లో బాగాలేక జవాబు ఆలస్యమైంది. ఆ పేరు మారుపేరు కాదు, ఆవిడ సొంతపేరే. తర్వాత ఇంకో మూడు కథలు పంపింది. మూడూ దాన్ని మించినవి. అచ్చు వేసేలోగా ఆవిడ భర్త మా ఆఫీసుకు వచ్చాడు. మా ఆవిడ పేరు బజార్న పడటం నాకిష్టం లేదన్నాడు. ఆ మూడు కథలూ అడిగి తీసుకుని నా ఎదుటే చింపేశాడు. నేను చూస్తూ ఊరుకున్నాను, అది నా తప్పు. ఆయనెవరో నేను మీకు చెప్పక్కర్లేదు. మీరు నాకు రాసిన కాగితం నెత్తిన, కమిటీ సభ్యుల వరసలో అచ్చువేసిన మొదటి పేరు ఆయనదే.'