పక్క సీటు పెద్దాయన

“మీరు కూడా వస్తారా?” కారు తలుపు తీస్తూ అడిగింది సింధూరి.

“అవునమ్మా. బండితో ఒకరుండాలని చెప్పినారు,” అన్నాడు పెద్దాయన.

“తెలుగువాళ్లా?”

“అవునమ్మా. ఈ ఊళ్లోనే, రాయపురం. పుట్టింది, పెరిగింది ఆడనే.”

సింధూరి ఇంకేమీ అడగలేదు. కాపలాకి మనిషిని పెట్టారని ఆమెకు లోపల మండుతోంది.

ఆమె కార్ల మీద రివ్యూలు రాస్తుంది. ఇంకా మార్కెట్లోకి రాని కారును ఒక కంపెనీ ఆమె చేతికివ్వడం ఇదే మొదటిసారి. టర్బో ఇంజను. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి. సాయంత్రం ఐదింటికల్లా మాధవరం గోడౌనులో అప్పగించాలి. దెబ్బ తగిలితే ఇక ముందు ఏ కారూ ఇచ్చేది లేదని కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నారు.

మాధవరం దాటాక రోడ్డు కాస్త ఖాళీగా దొరికింది.

సింధూరి యాక్సిలరేటర్ నొక్కింది. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. ఆ తర్వాత కారు ఒక్కసారిగా దూకింది. ఆమె వీపు సీటుకు అతుక్కుపోయింది. నోట్లోంచి చిన్న కేక వచ్చింది.

పక్కకి చూస్తే పెద్దాయన కళ్లు మూసుకుని ఉన్నాడు.

“భయమేస్తోందా?”

“లేదమ్మా. వింటా ఉండా.”

ఆ సంతోషం కాసేపే.

తిరువొత్తియూరు దగ్గర కంటైనర్ లారీల వరుసలో ఇరుక్కున్నారు. ముందు లారీ. వెనక లారీ. కుడివైపు లారీ. ఎడమవైపు రోడ్డుపని కోసం పోసిన కంకరగుట్ట. గంటసేపట్లో నూరడుగులు కదిలారు. అద్దం దించితే దుమ్ము, ఎత్తితే డబ్బాలో పెట్టి మూతేసినట్టుంది.

“మూడొందల హార్స్‌పవర్ అంట. ఈడ సైకిలే నయం,” అంది విసుగ్గా.

పెద్దాయన నవ్వాడు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది.

వంతెన ఎక్కుతున్న ముందు లారీ మెల్లగా వెనక్కి జారుతోంది.

సింధూరి హారన్ మీద చెయ్యి తీయలేదు. లారీ ఆగలేదు. వెనక్కి పోదామంటే అద్దం నిండా వెనక లారీ ముఖమే.

“దిగిపోదాం!” అని తలుపు తోసింది. కుడివైపు లారీ ఆనుకున్నట్టే ఉంది. తలుపు జానెడు కూడా తెరుచుకోలేదు.

పెద్దాయన వైపు తలుపు తెరుచుకుంటుంది. ఆయన దిగలేదు.

“అమ్మా, స్టీరింగ్ ఎడంపక్కకి తిప్పండి. గుట్ట ఎక్కించండి.”

“కంకర మీదా? కూరుకుపోతాం!”

“పోము. నొక్కితే మొదట గమ్మునుంటాది. భయపడి కాలు తీయొద్దు. ఒక చక్రం జారినా మిగతావి పట్టుకుంటాయి. నొక్కండి.”

నొక్కింది. చక్రాలు గిర్రున తిరిగాయి. కారు అడుగున రాళ్లు దడదడా కొట్టాయి. బండి ఒక పక్కకి ఒరిగింది. ఆమె కాలు దానంతటదే పైకి లేవబోయింది.

“తీయొద్దు!” మొదటిసారి గొంతు పెంచాడాయన.

కారు గుట్టెక్కి, అవతలి ఖాళీ జాగాలో దబ్బున దిగింది. వెనక రెండు లారీలు ఢీకొన్న చప్పుడు. అప్పటిదాకా వాళ్లున్న చోటే.

సింధూరి ఇంజను ఆపేసింది. పెద్దాయన ఆమెకు నీళ్లిచ్చి, కిందికి దిగి కారు ముందు గొంతుక్కూచున్నాడు. బంపర్ అడ్డంగా చీలిపోయి ఉంది.

“అయిపోయింది. ఇంక నాకెవరూ కారియ్యరు,” అని ఏడ్చేసింది సింధూరి.

ఆయన చీలిక మీది దుమ్ము తుడిచి, వచ్చి పక్క సీట్లో కూచున్నాడు.

గోడౌనులో మేనేజర్ జెబకుమార్ బంపర్ చూసి మండిపడ్డాడు. ఈ నెలే అమ్మకాల విభాగంలో చేరినవాడు.

“ఇలా నడిపిందెవరు?”

సింధూరి తల దించుకుంది.

“నేనే సార్,” అన్నాడు పెద్దాయన. “కొంచెం దూరం నడిపి చూస్తానని అడిగినా. మేడం వద్దనే చెప్పింది.”

“కాగితాలు పట్టుకుని కూచోమంటే నువ్వు నడుపుతావా? రేపట్నుంచి రావద్దు!”

నిజం ఆమె గొంతుదాకా వచ్చింది. తను పెట్టిన సంతకం గుర్తొచ్చి అక్కడే ఆగిపోయింది. పెద్దాయన ఆమె వైపు చూసి, ఏమీ అనొద్దన్నట్టు చిన్నగా తల ఊపాడు. సంచి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు.

పేరైనా అడగలేదని ఆయన మలుపు తిరిగాక తట్టింది.

మరునాడు రివ్యూ రాసింది. ఎలాంటి నేల మీదైనా వదలని పట్టు అని ఆ కారును ఆకాశానికెత్తింది. తయారుచేసిన ఇంజనీర్లకు దండం పెట్టింది. పెద్దాయన గురించి ఒక్క ముక్క రాయలేదు. రాయబోయినప్పుడల్లా నిజమంతా రాయాల్సి వస్తుందని వేళ్లు ఆగిపోయాయి.

మూడో రోజు ఫ్యాక్టరీ నుంచి ప్రభాకరన్ అనే ఇంజనీర్ ఫోన్ చేశాడు.

“రివ్యూ బాగుందండీ. ఆ పట్టు గురించి రాశారే, అది చదివి మా వాళ్లంతా సంతోషపడ్డారు.”

“ఆ గొప్పదనం మీదే సార్.”

“మాదేముందండీ! మేము కంప్యూటర్లో అంకెలు మార్చేవాళ్లం, అంతే. ఏ అంకె ఎంత ఉండాలో నడిపి చెప్పింది మా టెస్ట్ డ్రైవర్. మీరు రాసింది ఆయనకి చదివి వినిపిద్దామంటే ఫోన్ ఎత్తడం లేదు. పనికీ రావడం లేదు.”

సింధూరి కుర్చీలోంచి లేచి నిలబడింది.

“ఆయన పేరేంటి సార్?”

“నాగప్పన్. రెండేళ్లు ఎండలో, వానలో, ఇసుకలో తిప్పి ఆ బండికి నడక నేర్పిన మనిషి; బయటివాళ్ల చేతిలో అదెలా పోతుందో ఒక్కసారి పక్కన కూచుని చూడాలని, అడిగి మరీ మొన్న మీతో వచ్చాడండీ.”