ఆరు గంటల ఫోన్

సాయంత్రం ఆరు కావడానికి నిమిషం ఉందనగా ఎమర్జెన్సీ కాల్ సెంటర్లో ఆపరేటర్ హెడ్‌సెట్ తీయబోయింది. అంతలో ఇంకో కాల్ వచ్చింది.

"చెప్పండి, ఏం సాయం కావాలి?"

"మంటలమ్మా. పోస్టాఫీసు వెనక వీధిలో పరుపుల షాపు అంటుకుంది. త్వరగా ఎవరినైనా పంపించండి."

కీబోర్డు మీద ఆమె వేళ్లు ఆగిపోయాయి. ఆ షాపుకీ తమ ఇంటికీ మధ్య ఉన్నవి మూడిళ్లే.

"లోపల మనుషులున్నారా?" గొంతు వణక్కుండా అడగడమే ఆమె ఉద్యోగం.

"తెలీదమ్మా. వీధంతా పొగ కమ్మేసింది. పక్కిళ్లు కూడా కనబడ్డం లేదు."

ఫైరింజన్‌కి చెప్పింది. అంబులెన్స్‌కి చెప్పింది. వివరాలన్నీ ఎక్కించి లేచేసరికి ఆరు దాటి పదకొండు నిమిషాలైంది. వరండాలో ఉన్న ఆఫీసు ఫోన్ దగ్గరికి పరుగెత్తింది.

సొంత సెల్‌ఫోన్లు డ్యూటీలోకి రాగానే స్విచ్చాఫ్ చేసి లాకర్లో పెట్టేయాలి. అందుకని ఆరింటికి ఇచ్చే పది నిమిషాల విరామంలో రోజూ ఈ ఫోన్ నుంచే ఇంటికి చేస్తుంది. ఎనిమిదేళ్ల కూతురు ముందుగా బళ్లో జరిగిన ఒక మంచి సంగతి, ఒక చెడ్డ సంగతి చెప్పాలి. తర్వాత అత్తగారు ఫోన్ లాక్కుని మనవరాలి మీద చాడీలు చెప్పాలి. ఆఖర్న తను ఇద్దరికీ రాజీ కుదర్చాలి. రెండేళ్లుగా, డ్యూటీ ఉన్న ఏ రోజూ ఆ ఫోన్ తప్పలేదు.

నంబరు నొక్కింది. బిజీగా ఉంది. మళ్లీ నొక్కింది. బిజీ.

ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అత్తగారిది. ఇంతసేపు ఎవరితో మాట్లాడుతున్నారు? సగం మాట్లాడుతుండగానే ఫోన్ కింద పడేసి పరుగెత్తారేమో. పరుగెత్తలేకపోయారేమో. వాళ్లది రెండో అంతస్తు. అత్తగారు మెట్లు దిగాలంటే పాప భుజం మీద చెయ్యి వేసి, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి ఊపిరి పీల్చుకుంటారు. ఆ పొగలో ఏం పీల్చుకుంటారు?

మళ్లీ నొక్కింది. వేలు జారి తప్పు నంబరు పడింది. కట్ చేసి మళ్లీ నొక్కింది. బిజీ.

"లోపలికి రామ్మా," అంటూ సూపర్‌వైజర్ తలుపు తీశాడు. "నలభై కాల్స్ లైన్లో ఆగిపోయాయి. ఊరంతా ఆ మంటల గురించే చేస్తున్నారు."

"సార్, అది మా వీధి. పాప, అత్తయ్య ఇంట్లో ఉన్నారు. ఫోన్ కలవట్లేదు. నేను వెళ్తాను."

ఆయన గోడ గడియారం వైపు చూశాడు. "నువ్వు వెళ్లేసరికి ముప్పావుగంట పడుతుంది. మనవాళ్లు ఇప్పటికే అక్కడున్నారు. నేను వైర్‌లెస్‌లో కనుక్కుంటాను, నువ్వు కూర్చో. ఆగిపోయినవాళ్లలో ఎవరి ప్రాణం మీదికొచ్చిందో మనకి తెలీదు కదమ్మా."

కూర్చుంది. భర్తకి గుండెల్లో నొప్పని ఒకావిడ. బండి మీంచి పడ్డానని ఒకతను. తర్వాత వరసగా నలుగురు, అందరూ ఆ పరుపుల షాపు గురించే. "పైనెవరో అరుస్తున్నట్టుందండీ," అన్నాడు నాలుగో మనిషి. ఏ పైన, ఏ ఇంటి పైన అని అడిగేలోపే లైన్ కట్టయింది. పక్క సీటావిడ తన కాల్ మాట్లాడుతూనే మంచినీళ్ల సీసా ఇటు జరిపింది. మూత తిప్పడం ఆపరేటర్‌కి చేతకాలేదు.

తలెత్తి సూపర్‌వైజర్ వైపు చూసింది. ఆయన వైర్‌లెస్ చెవి దగ్గర పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"పొగలో ఏం కనబడట్లేదంటున్నారు. మీ మేడ దాకా ఇంకా ఎవరూ వెళ్లలేదు."

అప్పుడే కంప్యూటర్ తెర మీద తర్వాతి కాల్ నంబరు వెలిగింది. అది వాళ్లింటి నంబరు. ఆమె బటన్ నొక్కింది కానీ నోరు పెగల్లేదు. ఆమె మొహం చూసి సూపర్‌వైజర్ గబగబా వచ్చి అదే లైన్‌కి ఉన్న రెండో హెడ్‌సెట్ అందుకున్నాడు.

"చెప్పండి, ఏం సాయం కావాలి?" అన్నాడు.

"నమస్కారమండీ. ఇరవై నిమిషాల్నించి లైన్లో ఉన్నాను." ఏడుపు దిగమింగుకుంటున్న పాప గొంతు. వెనక నుంచి 'తిన్నగా చెప్పవే' అంటున్న అత్తగారి గొంతు.

"మీ ఇంటికి మంటలొచ్చాయా?"

"లేదండీ. మా వీధిలో షాపు కాలింది. మేం తలుపులు మూసేసుకున్నాం, మాకేం కాలేదు. దానికోసం చేయలేదు. మా అమ్మకి ఏదో అయిందండీ. రోజూ సరిగ్గా ఆరింటికి ఫోన్ చేస్తుంది. ఇవాళ చేయలేదు. మేం చేస్తే సెల్ స్విచ్చాఫ్. నాయనమ్మ కూడా భయపడిపోతోంది. తొందరగా ఎవరినైనా పంపించండి."

సూపర్‌వైజర్ ఆపరేటర్ వైపు చూశాడు. ఆమె రెండు చేతులతో నోరు మూసుకుని ఉంది.

"పంపిస్తాను తల్లీ," అన్నాడాయన. "ఎక్కడికి పంపాలో అడ్రస్ చెప్పు."

"మీ ఆఫీసుకేనండీ. మా అమ్మ అక్కడే ఫోన్లెత్తుతుంది."