ఆఖరి పడవ

నాగేశ్వరి తాతగారు కాకినాడలో, తీరం వెంట జనాన్ని చేరవేసే స్టీమర్ల కంపెనీలో గుమాస్తా. ఆ కంపెనీ చరిత్ర రాస్తూ, రాసినంత మేర మంచాన పడ్డ భర్తకి చదివి వినిపించేది. ఆ రాత్రి ఆయాసం పెరిగినా చక్రపాణి చదవమన్నాడు.

"ఓడ దూరంగా లోతు నీళ్లలో ఆగేది. జనం మోకాలిలోతు నీళ్లలో నడిచి పడవెక్కేవారు. మూడో కూతకి ఆఖరి పడవ కదిలేది."

అంతలో గోదావరిఖని క్వార్టర్ల మీదుగా పొడుగాటి కూత సాగింది.

"అదేం సైరన్ అన్నా?" తోడుకొచ్చిన పక్కింటి నర్సింగాన్ని అడిగింది.

"నాకేం ఇనవడలే టీచరమ్మా. ఫికర్ చెయ్యకు, అంబులెన్స్ వస్తాంది. నేను గేటు కాడ నిలవడ్త."

అతను వెళ్లగానే రెండో కూత. చక్రపాణి ఆయాసం చప్పున ఆగింది. లేచి కాళ్లు కింద పెట్టాడు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది.

"నా సంచీ ఏదీ?"

"మీకు దణ్ణం పెడతాను, కదలకండి!"

కొంగు అతని మణికట్టుకి చుట్టి, రెండు ముళ్లు బిగించింది. ఇక తనని వదిలి వెళ్లలేడు.

అతను ఆ ముళ్లని చూసుకున్నాడు. గుమ్మం అవతలి చీకటివైపు తిరిగి నెమ్మదిగా అన్నాడు:

"కాస్త జరగండి బాబూ. మా ఆవిడ కూడా వస్తోంది."